పేరు లేని పదిహేను రోజులు: హైదరాబాదులో గర్భవిచ్ఛిత్తి అనంతర సంరక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ప్రసవించిన స్త్రీకి తెలుగులో ‘బాలింత’ అనే పేరుంది. గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న స్త్రీకి అటువంటి పేరు లేదు. ఈ లోటు భాషకే కాక సంరక్షణకూ సంబంధించినదని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల నేపథ్యంలో చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: గర్భవిచ్ఛిత్తి, బాలింత, స్త్రీశక్తి సంఘటన, గోప్యత, ప్రమాద సూచనలు.

1. ఉపోద్ఘాతం:
‘బాలింత’ అన్న మాటలో ఒక వ్యవస్థ ఇమిడి ఉంది. తల్లిగారిల్లు, పథ్యం, పురిటి స్నానం, రాత్రివేళ లేచి నుదుటిమీద చెయ్యి వేసి చూసే పెద్దదిక్కు ఆ మాట వెంటే వస్తాయి. ఆ ఆచారాలన్నీ వైద్యశాస్త్రం అంగీకరించేవి కావు. అయినా జ్వరం వస్తే గుర్తించే మనిషి పక్కన ఉండటం వాటివల్ల కలిగే మేలు. ‘కడుపు తీయించుకున్న’ స్త్రీకి ఆ తోడు సాధారణంగా దొరకదు. ‘గర్భస్రావం’ అన్న పదం దానంతట పోయిన గర్భానికీ, తీయించుకున్న గర్భానికీ వాడుకలో ఉంది. ఆ తరువాతి స్థితికి మాత్రం పదం లేదు.

2. చట్టం - దాని హద్దు:
1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్, స్త్రీ ప్రాణం కాపాడే సందర్భంలో తప్ప గర్భస్రావం కలిగించడాన్ని నేరంగా పరిగణించింది. తనకు తాను చేసుకున్న స్త్రీ కూడా అందులో నేరస్థురాలే. 1951లో ఈ స్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. రక్తస్రావంతో ఆసుపత్రికి వెళ్ళడం నేరాన్ని ఒప్పుకోవడంతో సమానమైనప్పుడు, ప్రమాదం తెలిసినా నోరు విప్పడం కష్టం.

1964లో ఏర్పడిన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితమైన వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో ఆమోదం పొంది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి, ఎన్ని వారాల లోపు, ఎవరి సమ్మతితో అన్నవి దాని ప్రధానాంశాలు. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు. భర్త సంతకం అక్కరలేదు. 2021 సవరణ గోప్యతను చట్టంలోనే చేర్చింది. 24 వారాల వరకు ఉన్న వెసులుబాటు అవివాహితలకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇవన్నీ విలువైన హక్కులే. అయితే ఇంటికి చేరిన తరువాత ఏమి గమనించాలో ఈ చట్టంలో ఏ సెక్షనూ చెప్పదు.

3. తెలుగులో ఆరోగ్య జ్ఞానం:
చట్టం చెప్పనిది చదివి తెలుసుకోవాలంటే ముందు అక్షరం కావాలి. నిజాం రాజ్యంలో తెలుగు బాలికల కోసం 1928లో వెలసిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల నేడు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పేరిట ఉంది. ఇటువంటి పాఠశాలలు తెలుగు చదివే స్త్రీలను తయారుచేశాయి. వారు తమ శరీరాన్ని గురించి చదువుకోవడానికి తగిన పుస్తకం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల కథనాలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వెలువరించిన స్త్రీశక్తి సంఘటన, ఆ దశకంలోనే పటాన్‌చెరు దగ్గర గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని ప్రశ్నించింది. ఆ ఉద్యమ వాతావరణంలోనే ‘సవాలక్ష సందేహాలు’ అనే స్త్రీల ఆరోగ్య గ్రంథం రూపొందింది. బోస్టన్ మహిళల ఆరోగ్య గ్రంథం స్ఫూర్తితో వచ్చిన దానిని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1991లో ప్రచురించింది. వైద్యుని ఆదేశం స్థానంలో స్త్రీ సందేహాన్ని నిలపడం ఆ శీర్షికలోనే కనిపిస్తుంది.

4. ఆ రోజుల్లో గమనించవలసినవి:
సురక్షితంగా జరిగిన గర్భవిచ్ఛిత్తి తరువాత సుమారు రెండు వారాలు కొద్దిపాటి రక్తస్రావం, పొత్తికడుపు నొప్పి సహజం. మందులతో జరిగితే కొందరిలో రక్తస్రావం మరికొంత కాలం సాగవచ్చు. మిసోప్రోస్టాల్ వేసుకున్న రోజు వణుకు, కొన్ని గంటల జ్వరం ఉండవచ్చు. రుతుస్రావం సాధారణంగా 4 నుంచి 8 వారాల్లో తిరిగి వస్తుంది. అయితే రెండు వారాల లోపే మళ్ళీ గర్భం దాల్చే అవకాశం ఉంటుంది.

గర్భాశయంలో అవశేషాలు మిగిలితే అది పూర్తిగా ముడుచుకోలేదు. అందువల్ల రక్తస్రావం ఆగదు, క్రిములు చేరుతాయి. ప్రమాద సూచనలలో ముఖ్యమైనవి ఇవి: గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోవడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు మించిన జ్వరం 24 గంటలు దాటినా తగ్గకపోవడం, మందుకు లొంగని కడుపునొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం, కళ్ళు తిరిగి పడిపోవడం. మాత్రలు వేసుకున్నా రక్తస్రావం కాకపోయినా, ఒకవైపే తీవ్రమైన నొప్పి వచ్చినా గర్భాశయం వెలుపలి గర్భాన్ని అనుమానించాలి. వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన 108 అంబులెన్సు సేవ ఇందుకు ఉపకరిస్తుంది.

5. నేటి అశోక్‌నగర్:
అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణకు, వసతిగృహాలకు పేరుపడింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో జిల్లాల నుంచి వచ్చిన అభ్యర్థులు రోజంతా చదువుకుంటారు. తల్లిగారింటికి దూరంగా ఉన్న యువతికి చట్టం గోప్యత ఇచ్చింది. ఆ గోప్యతే ఆమెను గదిలో ఒంటరిని చేస్తే, పై సూచనలను గమనించేవారు ఎవరూ మిగలరు. గోప్యతను తగ్గించడం దీనికి పరిష్కారం కాదు. ఆమె నమ్మిన ఒక్క స్నేహితురాలికైనా ఆ సూచనలు ముందే తెలిసి ఉండాలి.

6. ముగింపు:
1. శిక్షాస్మృతి భయాన్ని మిగిల్చింది. 1971 చట్టం ఆ భయాన్ని తగ్గించినా, అనంతర సంరక్షణను తాకలేదు.
2. ఆ ఖాళీని తెలుగులో పూరించే ప్రయత్నం ప్రధానంగా స్త్రీల సంఘాల నుంచి వచ్చింది.
3. బాలింతకు దక్కే కనిపెట్టుకొని ఉండే మనిషి, గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న స్త్రీకీ దక్కాలి. కళాశాలల్లో ఆరోగ్య విద్య బోధించే అధ్యాపకులు ఈ అంశాన్ని పాఠంలో చేర్చడం అందుకు తొలి మెట్టు.