చేసే ధర, పలికే ధర

"ఆ పొలం కోటి చేస్తుంది" అంటాం. "ఈ నగ అంత చెయ్యదు" అనీ అంటాం. 'చేయు'ని ఇలా వాడటం నాకు భలే ఇష్టం. వస్తువు ఊరికే కూర్చుంటే కుదరదు, తన ఖరీదు తనే చేసి చూపాలి. 'పలుకు' అలా కాదు. మిర్చి యార్డులో క్వింటా ఇంత పలికిందంటే ఆ పూట ఎవరో అంత అన్నారని, అంతే. రేపటి మాట రేపటిది.

వైన్ బేరానికి ఈ రెండూ కావాలి. (మన వీధి చివరి 'వైన్స్' సంగతి కాదు, అక్కడ వైన్‌ని వెతుక్కోవాలి.) 1855లో పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్‌లోని వైన్ సీమ బోర్డో దళారులు ఎర్ర వైన్లకు శ్రేణులు కట్టారు. అప్పటికి ఏది ఎంత పలుకుతోందన్నదే ముఖ్యమైన కొలత. పలికినంతా చేస్తుందని రాసేసుకున్నారన్నమాట. 2008లో అచ్చయిన ఒక కాలిఫోర్నియా పరిశోధనలో ఒకే వైన్‌ను 10 డాలర్లదనీ, 90 డాలర్లదనీ చెప్పి తాగించారు. 90 అన్నప్పుడే ఎక్కువ నచ్చింది. చెవిన పడిన ధర నాలుకనూ లోబరుచుకుంటుంది.

అలాగని చవకదే మేలనుకుంటే అదీ తప్పే. బ్రిటన్ లెక్క చూడండి. అక్కడి సుంకం వైన్ ధరను బట్టి కాదు, అందులోని ఆల్కహాల్‌ను బట్టి. 2025 రేట్లలో 12.5 శాతం సీసాకు సుమారు 2.75 పౌండ్లు. ఆపైన 20 శాతం వ్యాట్. 6 పౌండ్ల సీసాలో ఈ రెండూ పోగా మిగిలేది దాదాపు 2.25. గాజు, మూత, లేబులు, రవాణా, కొట్టువాడి లాభం, చివరికి ద్రాక్షరసం, అన్నీ అందులోనే. 10 పౌండ్ల సీసాలో మిగిలేది అయిదున్నర పైమాటే. ధర రెట్టింపు కాకుండానే మిగులు రెండున్నర రెట్లయింది. అందుకే నన్నడిగితే ఆరుది ఆరు చెయ్యదు, పదిది పది చేస్తుంది. నలభై దాటాక చేసేదానికన్నా పలికేదే ఎక్కువ.

అమ్మేవాడి మాట వేరే ఉంది: 'గిట్టు'. "ఆ రేటుకి గిట్టదండీ" అనేది అతనే. పుట్టడానికి జంటగా వచ్చే గిట్టడం, అంటే చావడం, కూడా ఇదే రూపం. బోర్డోలో ఆ రెండు అర్థాలూ కలిశాయి. అక్కడ పేరున్న తోటల సీసాలు వందల యూరోలు పలుకుతుండగానే, మామూలు రైతులకు గిట్టుబాటు కాక, తోటలు పీకేస్తే హెక్టారుకు 6,000 యూరోలిచ్చే పథకం 2023లో వచ్చింది.