శిఖం: చెరువు కడుపు

తెలంగాణలో చెరువు నీళ్లు పరుచుకునే నేలను శిఖం భూమి అంటారు. వినగానే శిఖరానికి చుట్టమనిపిస్తుంది గానీ, ఈ మాట పారసీది. 'షికమ్' అంటే కడుపు. నిజాం కాలపు రెవెన్యూ రికార్డుల్లోంచి జనం నోటికి వచ్చి శిఖమైంది. చెరువు గర్భం అనే మాటలోనూ ఇదే ఊహ.

శిఖం పట్టా ఉన్న రైతుకు నీళ్లు వెనక్కి తగ్గాకే సాగు హక్కు. తేమ ఆరని ఒండ్రులో పంట తీసుకుంటాడు. వానలు పడి చెరువు నిండితే ఆ నేల మళ్లీ నీటిదే. మనిషికీ నీటికీ మధ్య ఇంత తెలివైన ఒప్పందం మరే రకం భూమిలోనూ నాకు కనిపించలేదు. ఆ కడుపులో నిలిచిన నీరు మెల్లగా ఇంకి చుట్టుపక్కల బావులకు ఊట ఇస్తుంది. ఎక్కువైతే మత్తడి దూకి, గొలుసుకట్టులో కింది చెరువుకు పోతుంది.

హైదరాబాద్ చుట్టూ ఇప్పుడీ మాట ఎక్కువగా ఆక్రమణల వార్తల్లోనే వినిపిస్తోంది, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) అనే కొత్త మాట పక్కన. కరువు ఏళ్లలో శిఖం ఖాళీ జాగాలా కనిపిస్తుంది. మట్టి పోసి ప్లాట్లు చేస్తారు. కాంక్రీటు కప్పిన నేలలో నీరు ఇంకదు, పల్లం మాత్రం పల్లంగానే ఉంటుంది. 2020 అక్టోబరు కుండపోతకు చెరువులు పొంగి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పాత పహాణీల్లో సర్వే నంబరు పక్కన శిఖం అన్న మాట ఇంకా ఉంది. స్థలం కొనేవాళ్లు దయచేసి అది చదవండి.