సద్దిమూట నుండి జీరో టిక్కెట్టు దాకా

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, డి.ఏ. గురించి, పి.ఆర్.సి. గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరొక పద్దు ఎత్తుకున్నాను. పిల్లాపాపలతో నాలుగు రోజులు ఊరు దాటి వచ్చే ఖర్చును మన తుంగతుర్తి ప్రాంతపు వాళ్లు ఏ కాలంలో ఎట్లా తగ్గించుకున్నారు, ఆ తగ్గించిన ఖర్చు చివరికి ఎవరి మీద పడ్డది అనేది నా విషయం.

తెలుగువారి యాత్రలంటే ముందుగా ఏనుగుల వీరాస్వామయ్య గారిని తలచుకోవాలి. ఆయనా మనవలె ఉద్యోగస్థుడే, మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, సుమారు వందమంది పరివారంతో హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. దారిలో ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ వసతి ఉన్నది అని వ్రాసి పెట్టినాడు. పదిహేను నెలల పైచిలుకు సెలవు ఆయనకు దొరికింది. మనకు పదిహేను రోజులు దొరకడానికే పై అధికారి ముఖం చూడవలసి వచ్చేది!

అంత పెద్ద యాత్ర మన వైపు సామాన్యులకు ఊహకు కూడా అందనిది. నిజాం కాలంలో బండి, ఎడ్లు ఉన్న రైతుకు కూడా వాటి మీద పూర్తి హక్కు ఉండేది కాదు. దొరలకు, గస్తీకి వచ్చిన అధికారులకు వెట్టి బండ్లు కట్టవలసిందే. ఇక సొంత ప్రయాణానికి ఎడ్లు ఎప్పుడు తీరిక? 1946 నుండి 1951 వరకు సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో పొరుగూరికి పోవడమే ఆలోచించవలసిన సంగతి అని మా నాయన చెప్పేవాడు. డబ్బు చిక్కు మరొకటి. మనది హాలీ సిక్కా, బెజవాడ దాటితే కల్దార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క. తిరుపతి పోవాలనుకున్నవాడు ముందు మారకం చేయించుకోవాలి, అక్కడే కొంత చేయి జారేది. ఈ హాలీ నాణెం 1959 దాకా పూర్తిగా పోలేదు.

బస్సు సంగతి. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. మన రాష్ట్రపు ఆర్.టి.సి. 1958 జనవరి 11న ఏర్పడింది. అయినా మా చిన్నతనంలో బస్సంటే హైదరాబాదు-బెజవాడ రోడ్డు మీది సూర్యాపేటకు పోయి ఎక్కేది. అక్కడిదాకా బండే.

మరి సెలవులకు ఎక్కడికి పోయేవాళ్లం? జాతరకు. రెండేండ్లకొకసారి మాఘమాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరే మా ప్రాంతపు కుటుంబ యాత్ర. మేడారం తరువాత అంత పెద్ద జాతర ఇదేనంటారు. కేసారం నుండి దేవరపెట్టె వచ్చిన తరువాత భేరీల మోత, గజ్జెల లాగులు కట్టిన యాదవ సోదరులు "ఓ లింగా" అంటూ గుట్టెక్కుట, ఆ దుమ్ములో మా పిల్లల పరుగులు. బండి కిందనే పడక, చెట్టు కిందనే వంట. కుండ, బియ్యం, చింతపండు, ఎడ్లకు గడ్డి ఇంటి నుండే. చేతి నుండి పోయేది మొక్కు డబ్బులు, పిల్లల బొమ్మలు, బొరుగుల డబ్బులు మాత్రమే. ఇంటిల్లిపాది నాలుగు రోజులు బయట గడిపినా అప్పు చేయవలసిన పని ఉండేది కాదు. ఈనాడు హోటలు గది ముందే మాట్లాడుకుంటే ఇంత మిగులుతుంది, అంత మిగులుతుంది అని మనవళ్లు చెబుతుంటే నాకు ఆ బండి నీడ గుర్తుకు వస్తుంది.

తరువాత వచ్చింది సాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలినారు. బడి పిల్లల ఎక్స్‌కర్షన్లు, ఉద్యోగస్థుల ఆదివారపు యాత్రలు అన్నీ అటే. లాంచీలో నాగార్జునకొండకు పోయి మ్యూజియం చూసి రావడమే అప్పటి గొప్ప వినోదం. పొద్దున పోయి రాత్రికి రావచ్చు గనుక గది కిరాయి లేదు. పోయే దారిలో మిర్యాలగూడ వైపు పచ్చని వరి పొలాలు చూసి మా తుంగతుర్తి రైతులు మాట్లాడకుండా కూర్చునేవారు. ఎడమ కాలువ హుజూర్‌నగర్, కోదాడల వైపు పోయింది గాని మా మెట్ట మీదికి ఎక్కలేదు. మేము డబ్బులిచ్చి చూసి వచ్చిన నీళ్లు అవి.

నేను ఉద్యోగంలో చేరిన తరువాత యాత్రకు మూడు దారులు కనబడ్డవి. సరెండర్ లీవు, పండుగ అడ్వాన్సు, ఎల్.టి.సి. కేంద్ర ఉద్యోగులకు ఎల్.టి.సి. 1956లో మొదలైంది, తరువాత మనకూ అందింది. ఎల్.టి.సి. చార్జీలు ఇస్తుంది గాని తిండికి, గదికి ఇవ్వదు. అందుచేత సరెండర్ లీవు డబ్బులు వచ్చిన నెల చూసుకొని ఎల్.టి.సి. పెట్టుకోవడం మన గుమాస్తాల రివాజు. చార్జీలు సర్కారువి, మిగతాది సరెండరుది. బ్లాకు గడువు దాటితే హక్కు పోతుంది గనుక, పోవాలని లేకున్నా పోయినవారు ఉన్నారు. బిల్లులు తయారు చేసేది నేనే గనుక ఈ గుట్టు నాకు తెలుసు. ఒక మిత్రుని బిల్లును ఒక కార్యాలయం వారు టిక్కెట్ల నెంబర్లు స్పష్టంగా లేవని మూడుసార్లు అభ్యంతరంతో వాపసు చేసినారు. చెమటకు తడిసిన బస్సు టిక్కెట్టు మీద నెంబరు ఎట్లా ఉంటుంది? నాలుగోసారి పాసయింది. అప్పటి నుండి మా ఆఫీసులో ఎల్.టి.సి. పోయేవారికి టిక్కెట్లు పెట్టుకొనుటకు ఒక అగ్గిపెట్టె ఇచ్చి పంపేవాళ్లం.

తిరుపతి పోవడానికి మాకు జనగామకో, వరంగల్లుకో, ఖమ్మానికో పోయి రైలెక్కవలసి వచ్చేది. 1989లో బీబీనగర్-నడికుడి లైను పూర్తయినప్పటి నుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా దారి దొరికింది, నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది. కొండ మీద 1985లో ఎన్.టి. రామారావు గారి హయాంలో నిత్యాన్నదానం మొదలైంది. పేద కుటుంబానికి అంతకంటే పెద్ద ఉపకారం లేదు. సత్రంలో గది, అన్నదానంలో భోజనం, ధర్మదర్శనం. చార్జీలు తప్ప ఖర్చు దాదాపు లేనట్లే.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న సంగతి. నా యాత్రల లెక్కల నోటుబుక్కులు ఇంకా ఉన్నవి. 1980ల నాటి పేజీల్లో "భోజనం" అన్న పద్దు కింద అరటిపండ్లు, టీ, మజ్జిగ తప్ప ఏమీ కనబడదు. చూసినవారు నన్ను పొదుపరి అంటారు. ఆ పొదుపు నాది కాదు. బయలుదేరే ముందు రాత్రంతా కూర్చొని పులిహోర, గారెలు, జొన్నరొట్టెలు, సకినాలు చేసి సద్దికట్టింది మా ఇంటామె. సత్రంలో వత్తుల స్టవ్ ముట్టించి ఆరుగురికి అన్నం వండింది, గిన్నెలు తోమింది ఆమే. ఒక యాత్ర నుండి వచ్చిన తరువాత, "మీరు దేవుణ్ణి చూసి వచ్చిండ్రు, నేను పొయ్యిని చూసి వచ్చిన" అన్నది. ఆ మాటకు జవాబు లేదు. మన తరంలో ఖర్చు తక్కువ యాత్ర అని మనం గొప్పగా చెప్పుకునేదానిలో సగం ఆడవాళ్ల కూలి. అది ఏ బిల్లులోనూ ఎక్కలేదు. మన సభ్యుల ఇండ్లలో అడిగి చూస్తే ఇదే మాట వినబడుతుందని నా నమ్మకం.

రిటైరైన తరువాత మనకు ఎల్.టి.సి. లేదు. ఉన్న ఒక్క ఆసరా రైల్వే వారి వృద్ధుల రాయితీ. అరవై దాటిన మగవారికి నూటికి 40, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 తగ్గించేవారు. కరోనా వచ్చిన 2020 మార్చిలో దానిని నిలిపివేసినారు. కరోనా పోయింది గాని రాయితీ తిరిగి రాలేదు. పెన్షనరు ప్రయాణించేది డాబు కోసం కాదు. కొడుకు ఒక ఊళ్లో, బిడ్డ ఒక ఊళ్లో ఉన్న రోజుల్లో మనవణ్ణి చూసి రావడమే మన యాత్ర. సంఘం వారు తమ మెమోరాండాలలో డి.ఏ. కింద వరుసలోనైనా ఈ విషయం చేర్చవలెనని కోరుతున్నాను.

దూరం పోలేనివారికి దగ్గరలో ఏమీ లేదనుకోవద్దు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల నామిరెడ్డి కట్టించిన గుడి, ఎరకసానమ్మ పేర 1208 నాటి ఎరకేశ్వరాలయం ఉన్నవి. నల్లరాతి స్తంభాలను పిల్లలకు చూపించి కాకతీయుల కథ చెప్పవచ్చు. మన నాగారం వైపు ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉన్నది. ఆ గుట్ట మీద దొరికిన శిల్పాలను 2023లో అమెరికాలో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించినారు. అక్కడ ఉన్న మా బంధువుల పిల్లలు వాటిని చూసి ఫోటోలు పంపించినారు. మన ఊరి వాళ్లలో గుట్ట ఎక్కినవారి కంటే ఎక్కనివారే ఎక్కువ. వాడపల్లిలో కృష్ణా, మూసీ కలిసే చోటు ఉండనే ఉన్నది, 2028 పుష్కరాలకు అక్కడ కాలు పెట్టే సందు ఉండదు గనుక ముందే పోయి రావడం మంచిది.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. బస్సులు కిక్కిరిసినవని, మగవారికి సీటు దొరకడం లేదని మన సమావేశంలో కొందరు విసుక్కున్నారు. వాస్తవమే, దొరకడం లేదు. కాని మా వీధి ఆడవాళ్లు ఆరుగురు తమంతట తామే యాదగిరిగుట్టకు పోయి వచ్చినారు. స్టవ్ లేదు, సద్ది లేదు. గుట్ట కింద హోటల్లో ఇడ్లీ తిన్నారట. మిగిలిన చార్జీ డబ్బులతోనే తిన్నామని మా ఇంటామె లెక్క చెప్పింది. పోయిన నెల ఇద్దరం కలిసి అర్వపల్లి నరసింహస్వామి దగ్గరికి పోయినాము. ఆమె ఆధార్ కార్డు చూపించి జీరో టిక్కెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నది. నేను నా ఒక్కడి టిక్కెట్టుకు డబ్బులిచ్చి, దిగేదాకా కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.