శాసనాలకెక్కని పెరడు

హనుమకొండలో మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నప్పుడు, మిగిలిన కాస్త జాగాకి ల్యాండ్‌స్కేప్ డిజైనర్‌తో ప్లాన్ గీయించాను. పచ్చిక, రెండు పామ్ మొక్కలు, గులకరాళ్ళ బాట. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గడ్డి ఎవలకు బిడ్డా? బర్రె గూడ లేకపాయె" అంది. నవ్వేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తోటల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

మనవాళ్ళు చెప్పే సప్తసంతానాల్లో కొడుకు, చెరువు, నిధి, అగ్రహారం, గుడి, కావ్యంతో పాటు వనం కూడా ఒకటి. మనిషి పేరు నిలబెట్టేవి ఇవేనట. ఆ లెక్కలో కూతురు లేదు, గమనించారా? అయినా కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం తెలియడానికి ఆ శాసనం ముఖ్యమైన ఆధారం. రాజవంశపు స్త్రీ గనక ఆమె పేరు రాతికెక్కింది. మరి ఆ చెరువు మట్టి మోసినవాళ్ళ పేర్లు?

ఇంగ్లండులో గెర్ట్రూడ్ జెకిల్ (1843-1932) సుమారు 400 తోటలకి రూపకల్పన చేసింది. పల్లె ఇళ్ళ ముందరి పూలమడులని చూసి ఎంతో నేర్చుకుంది. చరిత్రలో ఆమెకి పేరుంది, ఆ మడులు వేసినవాళ్ళకి లేదు. తల్లి పెంచిన పూలతోటని కళగా గుర్తిస్తూ 1974లో అలిస్ వాకర్ వ్యాసం రాసింది. డాక్టరేటు కోసం చదివిన రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు ఉటంకించానో! మా పెరటివైపు మాత్రం చూడలేదు.

ఆ పెరట్లో అంట్లు తోమిన నీళ్ళు అరటి మొదట్లోకి పారేవి. కరివేప వంటింటి గుమ్మానికి చేయిచాపు దూరంలో ఉండేది. ఎండ తగిలే గోడమీదికి సొరతీగ. బతుకమ్మ నాటికి పూసేలా వానలు పడగానే బంతినారు. తంగేడు, గునుగు మాత్రం ఊరి బయటి బీళ్ళవి. నీరు, ఎండ, దూరం, రుతువు అన్నీ లెక్కలోకి తీసుకున్న ఈ ఏర్పాటు డిజైన్ కాక మరేమిటి? మేం దాన్ని 'అమ్మ పని' అన్నాం. పెరడుని కీర్తించాలని కాదు. బావిలోంచి నీళ్ళు చేదీ చేదీ ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ శ్రమతో పాటు అందులోని ఆలోచన కూడా మాకు కనబడలేదనే నా బాధ.

పచ్చిక మానేశాం. పదడుగుల జాగాలో ఏది ఎక్కడుండాలో అమ్మ ముగ్గుతో గీసి చూపించింది. ఆ గీతల్ని కొలిచి కాగితం మీదికి ఎక్కించి, తేదీ వేసి, కింద ఆమె పేరు రాశాను.