కొవ్వు, కాలేయం, శోథ: వ్యాధినామాల చరిత్ర - ఒక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగులో ‘బొజ్జ’ అనే మాటలో నింద కంటే చనువే ఎక్కువ. నడుము చుట్టూ చేరే కొవ్వును కలిమికీ నడివయసుకూ గుర్తుగా చూడటం మనకు అలవాటు. ఆ కొవ్వుకూ, కాలేయంలో చేరే కొవ్వుకూ, దేహంలో కొనసాగే శోథకూ గల సంబంధాన్ని వైద్యశాస్త్రం ఆలస్యంగా గుర్తించింది. ఈ అవగాహనపై వ్యాధినామాల ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. శోథ: పదం, భావం

క్రీ.శ. మొదటి శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత సెల్సస్ శోథకు ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలు చెప్పాడు. లాటిన్ పదానికి మూలార్థం నిప్పంటుకోవడం. సంస్కృత ‘శోథ’ శబ్దానికి వాపు అని అర్థం. రెండు పదాలూ ఇంద్రియాలకు తెలిసే లక్షణాల నుండే పుట్టాయి. పొట్ట కొవ్వుతో ముడిపడిన శోథ సాధారణంగా అలా తెలియదు. రక్తంలో సి-రియాక్టివ్ ప్రొటీన్ స్వల్పంగా పెరగడం వంటి సూచనలే దానికి ఆధారం.

చరకసంహిత సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయం అతిస్థూలుణ్ణి ఎనిమిదిమంది నిందితులలో చేర్చి, మేదోవృద్ధి వల్ల కలిగే బాధలను వివరించింది. అయితే దీనిని ఆధునిక శోథభావనతో సమానంగా భావించడం చారిత్రకంగా సరికాదు.

3. నిల్వ నుండి క్రియాశీల కణజాలం దాకా

1947లో మార్సెయ్ వైద్యుడు జాన్ వాగ్ స్థూలకాయంలో కొవ్వు దేహంలో ఏ భాగాన చేరిందన్నది ముఖ్యమని ప్రతిపాదించాడు. 1980లో మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ బృందం, అతిగా మద్యం సేవించిన చరిత్ర లేని 20 మంది కాలేయాలలో మద్యపానం వల్ల కలిగే మార్పులను పోలినవే గుర్తించింది. ఆ వ్యాధికి ‘మద్యేతర’ అనే విశేషణంతో పేరు పెట్టింది. వ్యాధి కారణాన్ని చెప్పకుండా, కారణం కానిదాన్ని చెప్పిన పేరు అది.

1993లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం స్థూలకాయపు ఎలుకల కొవ్వు కణజాలం టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా అనే శోథకారకాన్ని తయారుచేస్తుందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుందని చూపింది. 2003లో అమెరికాలోని రెండు బృందాలు ఆ కణజాలంలో మాక్రోఫేజ్ కణాలు పోగవుతాయని వెల్లడించాయి. పేగుల చుట్టూ ఉండే కొవ్వు నుండి రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. అందువల్ల కొవ్వు ఆమ్లాలూ శోథసంకేతాలూ ముందుగా తాకేది కాలేయాన్నే. కొవ్వు చేరిన కాలేయం తిరిగి తానూ శోథను పెంచుతుంది.

4. భారతీయ సందర్భం

2004లో పుణేకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ తమ ఛాయాచిత్రాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ 22.3 మాత్రమే. కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌లో 9.1, యాజ్ఞిక్‌లో 21.2. సన్నగా కనిపించినంత మాత్రాన ముప్పు లేదనుకోవడం భారతీయుల విషయంలో పొరపాటని ఇది సూచించింది. భారతీయులకు నడుము చుట్టుకొలత పరిమితిని పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లుగా నిర్ణయించడంలోని ఆంతర్యం ఇదే.

5. ముగింపు

2023లో అంతర్జాతీయ కాలేయ వైద్యసంఘాలు పాత పేరును విడిచి, జీవక్రియా లోపాన్ని ముందుంచే కొత్త పేరును స్వీకరించాయి. ‘మద్యం’, ‘కొవ్వు’ అనే మాటలు రోగికి కళంకాన్ని అంటగడుతున్నాయన్నది ఒక కారణం. తెలుగులో ఈ చర్చ ఇంకా జరగవలసి ఉంది. శోథను కేవలం ‘వాపు’ అని అనువదిస్తే, రోగి కనబడని వాపు కోసం వెతుక్కుని, తనకు జబ్బు లేదని తృప్తిపడే ప్రమాదం ఉంది. మందాగ్ని అనే మాట తెలిసిన భాషకు ‘మందశోథ’ కొత్త కాబోదు. పారిభాషిక పదనిర్మాణం నిఘంటువులకే పరిమితమైన పని కాదనీ, రోగి తన దేహాన్ని అర్థం చేసుకోవడంతో ముడిపడినదనీ ఈ చరిత్ర తెలియజేస్తోంది.