జింకల లెక్క – ఉత్తర్వుల లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని మన కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, దేవాలయాల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను కొంచెం పక్కదారి పట్టి అమెరికా జింకల చరిత్ర రాస్తున్నాను. ఇందులో తుపాకులు ఉన్న మాట నిజమే. కాని అంతకంటే ఎక్కువగా ఫైళ్ళు, ఉత్తర్వులు, కమిటీలు, కోర్టు తీర్పులు ఉన్నాయి. కనుక మనకు ఇది బొత్తిగా పరాయి విషయం కాదు.

మనలో చాలామంది కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో అమెరికా వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాము. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం గడిపినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. నవంబరు నెలాఖరులో నారింజ రంగు కోట్లు తొడుక్కున్న మనుషులు తుపాకులతో అడవుల వైపు బయలుదేరుతారు. డిసెంబరులో మళ్ళీ కొద్ది రోజులు వేట తెరుస్తారు. ఈసారి అనుమతి కొమ్ములు లేని జింకలకు, అంటే ముఖ్యంగా ఆడ జింకలకే. విస్కాన్సిన్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట రెండు చలికాలాలు ఉన్నాను. ఆడ జింకను చంపమని ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందని తెలిసి మా ఆవిడ చెవులు మూసుకుంది. పాండురాజు జింకల జంటను కొట్టి శాపం తెచ్చుకున్న కథ విని పెరిగిన మనకు అలా అనిపించడం సహజం. ఒక ప్రభుత్వం ఆ స్థితికి ఎందుకు వచ్చిందో తెలుసుకుందామని అప్పుడు లైబ్రరీలో కూర్చుని చదివిన సంగతులివి.

జింకలే కరువైన రోజులు

1900 సంవత్సరం నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు 5 లక్షలో, అంతకంటే తక్కువో మిగిలాయని అంచనా. ఆనాడు మాంసానికీ తోలుకూ ఏడాది పొడుగునా వేటాడేవారు. చంపిన జింకలను రైళ్ళకెక్కించి పట్టణాల్లో అమ్మేవారు. ఆ ఏడే లేసీ చట్టం వచ్చింది. ఒక రాష్ట్రపు చట్టానికి విరుద్ధంగా చంపిన జంతువును మరో రాష్ట్రానికి తరలించడం నేరమైంది. తరువాత రాష్ట్రాలు ఒకటొకటిగా వేటకు రోజులు నిర్ణయించాయి, ఆడ జింకల జోలికి పోరాదన్నాయి. విస్కాన్సిన్‌లో 1915 నుంచి వేటగాడికి ఒక్క మగ జింక మాత్రమే. 1925 తరువాత పదేళ్ళకు పైగా ఏడు విడిచి ఏడు వేటే లేకుండా చేశారు.

ఈ ఉత్తర్వులన్నీ అవసరమైనవే, మంచివే. వాటి మూలంగానే మంద బతికింది. ఇవాళ ఆ దేశంలో తెల్లతోక జింకలు సుమారు 3 కోట్లు. చిక్కంతా ఉత్తర్వు పని పూర్తయిన తరువాత మొదలైంది.

కైబాబ్ కథ

అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయకు ఉత్తరాన కైబాబ్ అనే పీఠభూమి ఉంది. అక్కడివి మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింకలు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ప్రాంతాన్ని వన్యమృగ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. జింక వేట నిషిద్ధమైంది. అంతటితో ఆగక, జింకలకు శత్రువులని చెప్పి ప్రభుత్వమే జీతగాళ్ళయిన వేటగాళ్ళను పెట్టి కొండసింహాలను వందల్లో, కాయోట్ అనే నక్క జాతి జంతువులను వేలల్లో చంపించింది. తోడేళ్ళు అక్కడ పూర్తిగా అంతరించాయి.

1906లో అక్కడి జింకలు 4 వేలని అంచనా వేశారు. 1924 నాటికి 30 వేలన్నవారు ఉన్నారు, 50 వేలన్నవారు ఉన్నారు, లక్ష అన్నవారూ ఉన్నారు. ఎవరూ తలలు లెక్కపెట్టింది లేదు. కాని చెట్లు చెప్పే సాక్ష్యం కళ్ళ ముందే ఉంది. వెనక కాళ్ళ మీద నిలబడితే జింక నోటికి అందేంత ఎత్తు వరకు కొమ్మల మీద ఒక్క ఆకు లేదు. కత్తెరతో సమంగా కత్తిరించినట్టు అడవంతా ఒకే గీత. ఆ ఎత్తు అందుకోలేని పిల్లలు ముందు చస్తాయి. 1924 తరువాత వచ్చిన రెండు చలికాలాల్లో వేలాది జింకలు ఆకలితో చచ్చాయి.

1924లో కమిటీ వేశారు. కొన్నిటిని పట్టి తరలించాలని, వేటకు అనుమతించాలని, అవసరమైతే ప్రభుత్వమే చంపించాలని కమిటీ చెప్పింది. ఇక్కడ మనకు బాగా తెలిసిన తగాదా ఒకటి వచ్చింది. అడవి కేంద్ర ప్రభుత్వానిది, జింక రాష్ట్ర చట్టం కిందిది. కేంద్రం చంపమంటే, రాష్ట్ర గవర్నరు హంట్ గారు కుదరదన్నారు. కేంద్రం అనుమతితో చంపినవారిని రాష్ట్ర అధికారులు అరెస్టు చేశారు.

ఈలోగా 1924 డిసెంబరులో ఒక పశువుల ఆసామి వేరే ఉపాయం చెప్పాడు. కొన్ని వేల జింకలను పశువుల మందలా తోలి, లోయలోకి దింపి, కొలరాడో నది ఈదించి, అవతలి గట్టుకు చేరుస్తానన్నాడు. జింకకు రెండున్నర డాలర్ల లెక్కన ఇస్తామన్నారు. గుర్రాల మీద పశువుల కాపరులు, కాలినడకన చేతుల్లో గంటలతో నవాహో తెగవారు బారులు తీరారు. ప్రసిద్ధ నవలాకారుడు జేన్ గ్రే కూడా వెళ్ళాడు. మంచు కురిసింది. జింకలు ముందుకు పోవడం మాని, మనుషుల బారు మధ్యలోంచి వెనక్కి దూకి వెళ్ళిపోయాయి. నది దాటిన జింక ఒక్కటీ లేదు.

తగాదా చివరికి సుప్రీం కోర్టుకు ఎక్కింది. తన భూమిని, అడవిని కాపాడుకోవడానికి జింకలను చంపించే అధికారం కేంద్రానికి ఉందని 1928లో తీర్పు వచ్చింది. చంపిన జింకను బయటకు పంపేటప్పుడు, ఇది ప్రభుత్వ ఆజ్ఞ మేరకు చంపినదని తెలిసేలా చీటీ కట్టాలని కూడా అందులో ఉంది. మన డిస్పాచ్ సెక్షన్ గుర్తుకు రాలేదూ!

కైబాబ్ అంకెలు నమ్మదగినవి కావని, గొర్రెల, పశువుల మేత తగ్గడం కూడా జింకలు పెరగడానికి కారణమై ఉండవచ్చని 1970లో కాలీ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. ఆ తరువాత ఆస్పెన్ చెట్ల వయసు లెక్కగట్టి చూసినవారికి సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే లేత చెట్లు పైకి రాలేదని తేలింది. 2006లో దాన్ని ప్రచురించారు. తలల లెక్క వివాదంలో పడినా చెట్ల లెక్క నిలబడింది.

విస్కాన్సిన్‌లో గొడవ

కైబాబ్ పాఠాన్ని ప్రజల ముందు పెట్టినవాడు ఆల్డో లియోపోల్డ్. 1909లో అటవీ శాఖలో చేరి అరిజోనా, న్యూమెక్సికోలలో పనిచేశాడు. వయసులో ఉన్నప్పుడు తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయని అందరిలాగే నమ్మి వాటిని కాల్చినవాడే. 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వన్యమృగ నిర్వహణ ఆచార్యుడయ్యాడు. 1935లో జర్మనీ వెళ్ళి, జింకల మేతకు అడవి అడుగంతా బోడిగా మారిన తీరు చూసి వచ్చాడు.

1940ల మొదట్లో విస్కాన్సిన్ ఉత్తర అడవుల్లోనూ అదే వరస కనిపించింది. జింకలు చలికాలంలో దేవదారు వంటి పచ్చని చెట్ల కింద గుంపుగా చేరతాయి. అక్కడ మేత అయిపోయి, పిల్లలు చచ్చిపడి ఉండేవి. లియోపోల్డ్ అధ్యక్షుడుగా పౌరుల కమిటీ తిరిగి చూసి, ఆడ జింకలను కూడా తగ్గించక తప్పదని చెప్పింది. 1943లో ఆయన రాష్ట్ర కన్సర్వేషన్ కమిషన్ సభ్యుడయ్యాడు. ఆ నవంబరులో వేటను రెండు ముక్కలు చేశారు. 18 నుంచి 21 వరకు మగ జింకలు. మూడు రోజులు విరామం. 25 నుంచి 28 వరకు కొమ్ములు లేనివి. మొత్తం 1 లక్షా 28 వేల జింకలు నేలకూలాయి. అంతకుముందు ఏడాదికి ఇది రెండున్నర రెట్లకు పైనే.

రాష్ట్రం భగ్గుమంది. ముప్ఫై ఏళ్ళుగా ఆడ జింకను కాల్చడం పాపమని బోధించిన ప్రభుత్వమే కాల్చమంటే జనం ఎలా ఒప్పుకుంటారు? 1943 నేరమని దానికి పేరు పెట్టారు. లియోపోల్డ్‌ను తిట్టడానికే అన్నట్టు ఒక పత్రిక నడిచింది. కమిషన్ వెనక్కి తగ్గి, మరుసటి ఏటి నుంచి మళ్ళీ మగ జింకలకే పరిమితం చేసింది. ఆయన మాత్రం చెప్పింది మార్చలేదు. 1948 ఏప్రిల్‌లో పొరుగువారి పొలంలో గడ్డి అంటుకుంటే ఆర్పడానికి వెళ్ళి అక్కడే గుండె ఆగి మరణించాడు. ఆయన అడిగిన ఆడ జింకల వేటను రాష్ట్రం 1949 నుంచి 1951 వరకు అనుమతించింది. చూడటానికి ఆయన లేడు.

చివరి సీజను ఎందుకు?

నవంబరు జింకలు జత కట్టే కాలం. ఒక్క మగ జింక ఎన్నో ఆడవాటితో కలుస్తుంది. కనుక మగవాటిని ఎన్నిటిని తీసేసినా వచ్చే ఏటి పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. ఆడ జింక సుమారు 200 రోజులు మోసి మే, జూన్ నెలల్లో ఈనుతుంది. మేత బాగుంటే కవల పిల్లలు. డిసెంబరులో ఒక ఆడ జింక తగ్గితే వేసవిలో రెండు పిల్లలూ తగ్గుతాయి. పైగా మేత కరువయ్యే ఫిబ్రవరి, మార్చి నెలలకు ముందే మంద పలచబడుతుంది కనుక మిగిలినవాటికి పుల్లలైనా దొరుకుతాయి. ఆఖరి రోజుల వేట వెనక ఉన్న లెక్క ఇదే.

దీనిలోనూ తిరకాసు ఉంది. డిసెంబరు నుంచి మగ జింకలు కొమ్ములు రాల్చడం మొదలుపెడతాయి. అందుకే లైసెన్సులో ‘ఆడ జింక’ అని రాయరు, ‘కొమ్ములు లేని జింక’ అని రాస్తారు. ఆ డ్రాఫ్టు రాసిన గుమాస్తా ఎవరో గాని తెలివైనవాడు.

1960ల నుంచి విస్కాన్సిన్‌ను చిన్న విభాగాలుగా చీల్చి, ఒక్కొక్క దానికి ఇన్ని జింకలని కోటా పెడుతున్నారు. 1996లో కొన్ని చోట్ల, ముందు ఆడ జింకను కొట్టి చూపితేనే మగ జింకకు అనుమతి అన్న నిబంధన తెచ్చారు. వేటగాళ్ళకు గిట్టలేదు. 2011లో శాసనసభ దాన్ని రద్దు చేసింది. 2002లో జింకల మెదడును తినేసే, మందులేని అంటురోగం అక్కడ బయటపడింది. మందను బాగా తగ్గించి రోగాన్ని తుడిచేయాలని చూశారు. రోగం తుడుచుకుపోలేదు, ఇతర జిల్లాలకు పాకింది. శాస్త్రం చెప్పినంత మాత్రాన అంతా అనుకున్నట్టు జరగదని కూడా ఈ చరిత్రే చెబుతుంది. ఒక మంచి పని మాత్రం కుదిరింది. 2000 నుంచి వేటగాళ్ళు ఇచ్చే మాంసం పేదల భోజనానికి చేరే ఏర్పాటు నడుస్తోంది.

మన రోళ్ళపాడు

మన దగ్గరా ఇలాంటి ముడి ఒకటి పడింది. కర్నూలు జిల్లా (ఇప్పుడు నంద్యాల జిల్లా) రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు. గడ్డికి రక్షణ దొరకడంతో కృష్ణజింకలు పెరిగాయి. శాస్త్ర ప్రకారం కృష్ణజింక అసలు జింకల కుటుంబానికి చెందదు గాని, పంటకు ఆ తేడా తెలియదు. అవి కంచె దాటి చుట్టుపక్కల చేలు మేశాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ముట్టుకోవడానికి వీల్లేదు. నష్టపోయిన రైతుకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. మొదట ఎవరి కోసం కంచె వేశారో ఆ బట్టమేక పిట్ట క్రమంగా కనుమరుగైంది. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి. కాని చుట్టుపక్కల ఊళ్ళ అభిమానం పోగొట్టుకున్న ఏ రక్షణా ఎక్కువ కాలం నిలవదు.

దీనికి మందు అమెరికా తుపాకీయే అని నేను అనడం లేదు. అక్కడ 3 కోట్ల జింకలు, ఇక్కడ చెదురుమదురు మందలు. వేటను నేను మెచ్చుకోలేను, ఈ వయసులో మారనూ లేను. కాని మంచులో పిల్ల జింక నెల రోజులు ఆకలితో తీసుకునే చావు తుపాకీ చావు కంటే దయగలదని కూడా చెప్పలేను. దాన్ని ఎవరూ చూడరు, ఎవరి ఖాతాలోనూ రాయరు. అంతే తేడా. రోళ్ళపాడు రైతు నష్టమూ అలాంటిదే. పంట పోయిన రైతుకు తగిన సమయంలో పరిహారం అందితే, మంద ఎంత, మేత ఎంత అని ఏటేటా ఎవరైనా చూస్తే, కంచె లోపలి ప్రాణికీ బయటి మనిషికీ కూడా మేలు.

నిషేధించడానికి ఒక్క సంతకం చాలు. నిషేధం పని పూర్తయిందో లేదో చూడటానికి మాత్రం ఏటేటా ఫైలు తీసి, అడవికి వెళ్ళి, కొమ్మలు ఎంత ఎత్తు వరకు మేసి ఉన్నాయో కొలిచే ఉద్యోగి కావాలి. కైబాబ్‌లో 1906 ఉత్తర్వు తరువాత కమిటీ వేయడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న మన పిల్లలు, మనవలు ఎవరైనా ఈ వ్యాసం చదివితే, తమ బీరువాలో అలాంటి పాత ఉత్తర్వు ఏదైనా ఉందేమో ఒకసారి తీసి చూడాలని నా కోరిక.