పన్నెండు శృతుల చుట్టు

సిరికొండలో భజనలకూ యక్షగానాలకూ హార్మోనియం వాయించే నాలాంటివాడికి బీథోవెన్ చిన్న రచన ఒకటి చాలా దగ్గరగా తోస్తుంది. 1789లో, బాన్ ఆస్థానంలో ఆర్గాన్ వాయించే 18 ఏళ్ల వయసులో, ఆయన రెండు ప్రెల్యూడ్లు కట్టాడు. 1803లో ఓపస్ 39గా అచ్చయ్యాయి. పన్నెండు మేజర్ స్కేళ్లనూ చుట్టి రావడమే వాటి పని.

మన లెక్కలో చెప్తాను. మేజర్ స్కేలు స్వరాలు మన ధీరశంకరాభరణానివే. ఒకటో శృతిలో మొదలుపెట్టి శుద్ధ మధ్యమం వదిలి ప్రతి మధ్యమం పట్టండి. అది ఐదో శృతికి కాకలి నిషాదం అవుతుంది, పాత పంచమం కొత్త షడ్జమం అవుతుంది. అట్లాగే రెండు, ఆరు, మూడు, ఏడు. ఆపైన నల్లమెట్లు: నాలుగున్నర, ఒకటిన్నర, ఐదున్నర, రెండున్నర, ఆరున్నర. తర్వాత నాలుగు, మళ్లీ ఒకటి.

శుద్ధమైన పంచమాలతో ఈ చుట్టు కలవదు. పన్నెండు పంచమాలు ఎక్కి ఏడు స్థాయిలు దిగితే, పక్కపక్క మెట్ల మధ్య దూరంలో దాదాపు పావు వంతు పైన తేలతాం. ఆ మిగులును పంచమాలకు పంచి, రవ్వంత తగ్గించి శృతి చేయాలి. బీథోవెన్ కాలంలో ఆ పంపకం అన్నిటికీ సమానంగా ఉండేది కాదు, కానీ ఏ శృతీ వినలేనంత చెడేది కాదు. బాఖ్ 1722లో 24 స్కేళ్లకూ ప్రెల్యూడ్లు రాసింది అట్లాంటి శృతి కోసమే. గురువు నీఫే బీథోవెన్‌కు చిన్నప్పుడే ఆ పుస్తకం వాయించడం నేర్పాడు.

నా హార్మోనియం పెట్టెలో పంపకం సమానం. అందుకే తంబూరాలో వినబడే అంతర గాంధారం కన్నా పెట్టెలోది కాస్త పైన నిలుస్తుంది. గమకమూ పలకదు. ఇలాంటి కారణాలతోనే ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని దూరం పెట్టింది. ఆ అభ్యంతరాలు న్యాయమైనవే. కానీ మా జిల్లాకు పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ ఆడిన చిందు యక్షగానం సంగతి వేరు. ఒకరి గొంతు ఒకటిన్నర దగ్గర నిలుస్తుంది, ఇంకొకరిది నాలుగు దగ్గర. రాత్రంతా ఏ గొంతు లేస్తే దాన్ని అందుకోవాలి, శృతి చేసుకునే తీరిక ఉండదు. ఆ పనికి పన్నెండు మెట్లూ సమానంగా పలికే పెట్టే కావాలి.

నేర్చుకోను వచ్చే పిల్లలకు ఇప్పుడు బీథోవెన్ నడిచిన వరుసే ముందు చెప్తున్నాను. ఒకటి, ఐదు, రెండు అంటూ ఒక్కో స్వరమే మార్చుకుంటూ పోతే నల్లమెట్లంటే బెదురు పోతుంది. ఐదున్నరలో పాడే ఆడపిల్ల వచ్చి కూర్చున్నా వాళ్ల చెయ్యి తడబడటం లేదు.